శివారు చేనుకు చేరే కణాలెన్ని?

దాళ్వా రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో వస్తూనే ఉంటుంది. సఖినేటిపల్లి వైపో, కాట్రేనికోన వైపో శివారున చేసుకునే రైతు ఆ అంకె చదివి ఊరుకోడు. వంతు వచ్చిన రాత్రి టార్చిలైటు పట్టుకుని బోదె గట్టు మీదికి వెళ్లి, తన తూములో నీళ్లు కదులుతున్నాయో లేదో చూసుకుంటాడు. హెడ్డు దగ్గర వదిలిన నీళ్లు వేరు, చేలో పారిన నీళ్లు వేరు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

రోగి ఒంట్లోని రక్షణ కణాలనే బయటికి తీసి, పెంచి, మళ్లీ ఎక్కించే క్యాన్సర్ చికిత్స విషయంలో మాత్రం అందరి చూపూ హెడ్డు దగ్గరే ఆగిపోతుంది. ఇన్ని కోట్ల కణాలు ఎక్కించారట అన్నది వార్త. వాటిలో గడ్డ దాకా వెళ్లినవెన్ని, మిగతావి ఎక్కడ దిగబడ్డాయి అన్న ప్రశ్న వెనకపడిపోతుంది. చికిత్స పనిచేయడం, చేయకపోవడం మాత్రం చాలావరకు ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

ఈ చికిత్సల్లో రెండు రకాలు ఎక్కువగా వినిపిస్తాయి. కోసి తీసిన గడ్డలోకి అప్పటికే చొరబడి ఉన్న టి కణాలనే రక్షణ కణాలను ఏరి, ప్రయోగశాలలో కోట్లకు పెంచి తిరిగి ఇవ్వడం ఒకటి; వీటిని టిల్స్ అంటారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం 1988లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల మీద ఈ పద్ధతి ఫలితాలు ప్రకటించింది. రెండోది కార్-టి. రక్తంలోంచి తీసిన టి కణానికి, క్యాన్సర్ కణం మీది ఒక గుర్తును పట్టుకునే కొత్త గ్రాహకాన్ని (దాని పేరే కార్) జన్యువు ద్వారా అమర్చి ఎక్కిస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్-19కు మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. విదేశాల్లో కోట్లలో ఉండే ఖర్చు దీనితో 40 లక్షల రూపాయల చుట్టుపక్కలకు దిగింది. అమలాపురంలోనో భీమవరంలోనో ఉన్న కుటుంబానికి అది కూడా పొలం అమ్ముకోవలసిన మొత్తమే. అందుకే చేతి నరానికి ఎక్కించిన మందు గడ్డ దాకా ఎలా వెళుతుందని వాళ్లు అడిగితే, ఆ ప్రశ్నకు సూటిగా సమాధానం దొరకాలి.

సూటి సమాధానం ఏమిటంటే, ఆ కణానికి దారి తెలియదు. గడ్డను వాసన పట్టి రక్తంలో ఈదుకుంటూ పోయే శక్తి దానికి లేదు. రక్తం ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. దాని చేతిలో ఉన్నది ఒక్కటే: ఎక్కడ ఆగాలన్నది. ఒంట్లో కణాల పంపకం అంతా ఈ ఆగడం, ఆగకపోవడం చుట్టూ తిరిగే కథ.

మొదటి మజిలీ ఊపిరితిత్తులు. చేతి సిరలో వేసినది ఏదైనా గుండె కుడివైపుకు చేరి, అక్కణ్నించి నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్లాలి; ఇంకో దారి లేదు. అక్కడి కేశనాళికలు సన్నవి, చాలాచోట్ల వాటి వెడల్పు అయిదు నుంచి ఎనిమిది మైక్రాన్లు. మామూలు టి కణమే ఏడెనిమిది మైక్రాన్లుంటుంది. ప్రయోగశాలలో ప్రేరేపించి పెంచినది పదో పన్నెండో మైక్రాన్లకు ఉబ్బి ఉంటుంది. పైగా దాని ఒంటి మీద అంటుకునే అణువులు ఎక్కువ. సన్న గొట్టంలోకి బరువైన కణం దూరి, నలిగి, సాగి, గోడలకు అంటుకుంటూ పోవలసి వస్తుంది. అందుకే ఎక్కించిన తొలి గంటల్లో కణాల్లో పెద్ద వాటా ఊపిరితిత్తుల్లోనే కనిపిస్తుంది.

ఇది కాసేపు ఆలస్యమేగా అని తీసిపారెయ్యడానికి లేదు. 2010లో ప్రచురితమైన ఒక కేసులో, పెద్దపేగు క్యాన్సర్ ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకిన రోగికి ఇఆర్‌బిబి-2 అనే గుర్తును పట్టే కార్-టి కణాలు 1000 కోట్లు ఎక్కించారు. పావుగంటలో ఊపిరి అందకుండా పోయింది, అయిదు రోజులకు ప్రాణం పోయింది. ఆ గుర్తు క్యాన్సర్ కణాల మీదే కాక, ఊపిరితిత్తుల పొరలోని మామూలు కణాల మీద కూడా కొద్దిగా ఉంటుంది. ఎక్కించిన కణాలన్నీ మొదట దిగేది అక్కడే కాబట్టి, ఆ కొద్దిపాటి గుర్తునే చూసి విరుచుకుపడి ఉంటాయని వైద్యులు అంచనా వేశారు. కణం ఏ గుర్తును పట్టుకుంటుందన్న దానితో పాటు, దారిలో మొదట ఏ అవయవం తగులుతుందన్నది కూడా లెక్కలోకి రావాలని ఆ మరణం తరవాత ఎవరూ వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఊపిరితిత్తులు దాటాక కాలేయం, ప్లీహం, ఎముక మూలుగ. గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు కాలేయం గుండా పారుతుంది. అక్కడి దారులు వెడల్పు, పారుదల మందం. అలసిన కణాలను, చచ్చిన కణాలను మింగేసే కుఫర్ కణాలు ఆ గోడల్లోనే కాచుకుని ఉంటాయి. ప్లీహం ఎలాగూ లింఫోసైట్ల ఊరే, టి కణాలు ఆ జాతివే. 1980ల చివర్లో రోజెన్‌బర్గ్ బృందమే టిల్స్‌కు ఇండియం-111 అనే రేడియోధార్మిక గుర్తు తగిలించి, రోగులకు ఎక్కించి గామా కెమెరాతో వెంబడించింది. తొలి రెండు గంటలు ఊపిరితిత్తులు వెలిగాయి. తరవాత వెలుగు కాలేయానికి, ప్లీహానికి మళ్లింది. ఒక రోజు గడిచేసరికి కొందరిలో మెలనోమా గడ్డలు కనిపించడం మొదలైంది. గడ్డకు చేరతాయన్న నమ్మకం దానితో వచ్చింది. చేరిన వాటా మాత్రం చాలా చిన్నది.

ఆ చిత్రాల్లో ఒక మోసం కూడా ఉంది. ఇండియం సగం తగ్గడానికి పట్టేది 2.8 రోజులే, కాబట్టి వారం దాటితే వెంబడించలేం. దానికంటే పెద్ద చిక్కు, కణం చచ్చిపోయినా గుర్తు చావదు. చచ్చిన కణాన్ని కాలేయంలోని కుఫర్ కణం మింగితే, కెమెరాకు కాలేయంలో టి కణాలు ఉన్నట్టే కనిపిస్తుంది. కాలేయంలో వెలుగు చూసి కణాలు అక్కడ కాపురం పెట్టాయనుకోవడం, డ్రెయిన్లో తేలే గడ్డిని చూసి చేలో పంట ఉందనుకోవడం లాంటిది.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడాలి. 60 కిలోల మనిషిలో 10 గ్రాముల గడ్డ అంటే ఒంటి బరువులో ఆరువేలో వంతు. 600 కోట్ల కణాలు ఎక్కించి, అవి ఒళ్లంతా సమానంగా పంచుకున్నాయని అనుకుంటే ఆ గడ్డ వాటాకు వచ్చేది 10 లక్షలు. గ్రాము గడ్డలో తక్కువలో తక్కువ 10 కోట్ల కణాలుంటాయి, అంటే పది గ్రాముల్లో 100 కోట్లు. వెయ్యి శత్రువులకు ఒక సైనికుడన్న మాట. నిజంలో పంపకం సమానంగా ఉండదు, చాలా సందర్భాల్లో గడ్డకు ఇంకా తక్కువే వస్తుంది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మెలనోమాకు అనుమతి పొందిన లిఫిల్యూసెల్ అనే టిల్ చికిత్సలో డోసు 750 కోట్ల నుంచి 7,200 కోట్ల కణాల దాకా ఉంటుందంటే ఈ లెక్క చూశాక ఆశ్చర్యం అనిపించదు.

ఊరట ఏమిటంటే, రక్తం ఒక్కసారి పారి ఆగేది కాదు. గుండె నిమిషానికి అయిదు లీటర్లు తిప్పుతుంది. ఒంట్లోని రక్తం ఉజ్జాయింపుగా నిమిషానికోసారి చుట్టు తిరుగుతుంది. లింఫోసైట్లు రక్తంలోంచి లింఫు గ్రంథుల్లోకి, అక్కడి నుంచి లింఫు నాళాల ద్వారా మళ్లీ రక్తంలోకి తిరుగుతూనే ఉంటాయని ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ ఎలకల మీద ప్రయోగాలతో 1950ల చివర్లో, 60ల్లో నిరూపించాడు. అంతవరకూ అవి పుట్టి, కాసేపు రక్తంలో తిరిగి మాయమయ్యే అల్పాయుష్కులని అనుకునేవారు. కాబట్టి తొలి చుట్టులో గడ్డకు తగలని కణం పదో చుట్టులో తగలొచ్చు, బతికి ఉంటే.

తగలడం వేరు, ఆగడం వేరు. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం వైపు పంటు ఎక్కినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వశిష్ఠ పారుదలలో పంటు ఒక్కసారిగా ఒడ్డున నిలబడిపోదు. ముందు వేగం తగ్గాలి, తరవాత తాడు పడాలి, ఆ తాడు గుంజకు బిగియాలి, అప్పుడే మనుషులు దిగేది. రక్తనాళంలో టి కణం చేసేదీ దాదాపు ఇదే. నాళపు గోడ మీది సెలెక్టిన్లనే అణువులు కణాన్ని పట్టీ పట్టనట్టు పట్టుకుంటాయి. కణం గోడ వెంబడి దొర్లుతూ, జారుతూ, నెమ్మదిస్తుంది. ఆ దొర్లే క్షణాల్లో గోడ మీద అంటి ఉన్న కెమోకైన్లనే రసాయన సంకేతాలు దాని గ్రాహకాలకు తగలాలి. తగిలితే కణం మీది ఇంటెగ్రిన్లనే అణువులు ఆకారం మార్చుకుని గోడ మీది ఐకామ్, వీకామ్ అనే కొక్కేలను గట్టిగా బిగిస్తాయి. అప్పుడు కణం చదునై, గోడ కణాల మధ్య సందులోంచి తన్నుకుని అవతలికి దిగుతుంది. వరసలో ఏ ఒక్కటి తప్పినా పంటు రేవు వదిలి దిగువకు కొట్టుకుపోయినట్టే.

ఈ వరసను గడ్డ దాదాపు ప్రతి మెట్టు దగ్గరా చెడగొడుతుంది. కొత్త నాళాలు మొలిపించుకోవడానికి గడ్డ విడుదల చేసే వెజ్‌ఎఫ్ అనే పదార్థం ఆ నాళాల గోడల మీద ఐకామ్, వీకామ్‌లను తగ్గించేస్తుంది. రేవు ఉంటుంది, గుంజలు ఉండవు. కొన్ని గడ్డల నాళాలు ఫాస్ లైగాండ్ అనే అణువును ముందుకు పెట్టి, ఆనుకున్న పోరాట కణాన్నే చంపేస్తాయి. టి కణాలకు ఎక్కువగా ఉండేది సిఎక్స్‌సిఆర్-3 అనే గ్రాహకం. దానికి పిలుపు సిఎక్స్‌సిఎల్-9, 10 అనే కెమోకైన్లు. చాలా గడ్డలు వాటిని పంపక, టి కణాలకు వినపడని వేరే కెమోకైన్లను పంపుతుంటాయి. చిరునామా సరిగ్గానే ఉంది, తలుపు మీద మాత్రం వేరే భాషలో రాసి ఉందన్నట్టు.

గోడ దాటినా పని కాలేదు. డెల్టాలో సేద్యం తెలిసినవాళ్లకు కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ అంతే ముఖ్యమని తెలుసు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు గట్టిగా వినిపించిన ఫిర్యాదుల్లో పూడిపోయిన డ్రెయిన్లు ఒకటి. పోయే దారి లేని చేలో కొత్త నీరు పారదు, ఉన్న నీరే నిలిచి కుళ్లుతుంది. గడ్డ లోపలి పరిస్థితి సరిగ్గా ఇదే. దాని రక్తనాళాలు వంకర టింకరగా, కారుతూ ఉంటాయి. కారిన ద్రవాన్ని తోడే లింఫు నాళాలు గడ్డ లోపల సరిగ్గా పనిచేయవు. లోపల ద్రవపీడనం పెరిగి, బయటి నుంచి ఏదీ లోపలికి సాగదు. ఐఐటీ కాన్పూరులో చదివి హార్వర్డ్‌లో పనిచేస్తున్న రాకేశ్ జైన్ ఏళ్ల తరబడి దీన్నే కొలిచి చూపించాడు. 2001లో ఆయన ముందుకు తెచ్చిన ఆలోచన వినడానికి తలకిందులుగా ఉంటుంది: గడ్డ నాళాలను పూర్తిగా ఎండగట్టకుండా, వెజ్‌ఎఫ్‌ను కొద్దిగా అణిచి నాళాలను చక్కబరచాలి, అప్పుడే మందూ కణాలూ లోపలికి వెళతాయి అని. కాలువలు బాగుచేస్తే కలుపు కూడా తాగుతుంది కదా అన్న అనుమానం అప్పట్లో చాలామందికి వచ్చింది. డ్రెయిన్ తవ్వితే పంటకూ కలుపుకూ కలిసే మేలు జరుగుతుందన్న మాట నిజమే, కానీ కలుపు తీసే కూలీ చేలోకి దిగాలన్నా ముందు నీరు తీయాల్సిందే.

నీరు తీశాక గుర్రపుడెక్క. గడ్డ చుట్టూ, మధ్యన ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొలాజెన్ పీచును దట్టంగా అల్లి పెడతాయి. టిజిఎఫ్-బీటా అనే సంకేతం ఆ అల్లికకు ఎరువు. క్లోమం, రొమ్ము క్యాన్సర్లలో చాలాసార్లు సూక్ష్మదర్శిని కింద చూస్తే టి కణాలు గడ్డ చుట్టూ గట్టు మీద వరసగా నిలబడి ఉంటాయి, లోపల ఒక్కటీ ఉండదు. ప్రయోగశాలలో పెంచిన కణాలకు ఇక్కడ ఇంకో లోటు. ఈ పీచు మధ్యన ఉండే హెపరాన్ సల్ఫేట్‌ను కోసే హెపరనేజ్ అనే ఎంజైము మామూలు టి కణాల్లో ఉంటుంది; సీసాలో వారాల తరబడి పెరిగిన కణాలు దాన్ని పోగొట్టుకుంటాయి. 2015లో ఒక బృందం ఆ ఎంజైము జన్యువును కార్-టి కణాలకు తిరిగి అమర్చితే, ఎలకల్లో అవి గడ్డ లోపలికి మెరుగ్గా చొచ్చుకుపోయాయి. ఇంట్లో అల్లారుముద్దుగా పెంచిన కుర్రాడికి కొడవలి పట్టడం మళ్లీ నేర్పినట్టుంది ఆ పని.

ఇంతవరకూ కాలువ పోలిక బాగానే నడిచింది. ఇక్కడ తెగుతుంది. నీళ్లు పిల్లల్ని పెట్టవు, టి కణాలు పెడతాయి. శివారుకు నూటికి ఒకటే చేరినా, ఆ ఒకటి తన గుర్తును కలిసిందంటే విడిపోయి రెండై, నాలుగై, వారంలో వేలవుతుంది. 2011లో ల్యుకేమియా రోగుల మీద పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ప్రచురించిన పనిలో కార్-టి కణాలు ఒంట్లో వెయ్యి రెట్లకు పైగా పెరిగాయి. ఆ తరవాత 2017లో అమెరికాలో అనుమతి వచ్చిన తొలి కార్-టి మందు డోసు, టిల్స్ డోసు ముందు పెట్టి చూస్తే చాలా చిన్నది. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌కు 60 కోట్ల కణాలు దాటదు. విత్తనం తక్కువైనా చేను మంచిదైతే చాలన్న లెక్క అది.

చేను సిద్ధం చేయడానికి దమ్ము చెయ్యాలి. కణాలు ఎక్కించే ముందు సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లూడరబిన్ అనే రెండు మందులతో రోగి ఒంట్లో ఉన్న లింఫోసైట్లను తగ్గిస్తారు. ఉన్న లింఫోసైట్లే తాగేసే ఐఎల్-7, ఐఎల్-15 అనే పోషక సంకేతాలు అప్పుడు కొత్త కణాలకు మిగులుతాయి. ఈ పని మానేస్తే ఎన్ని కోట్ల కణాలు పోసినా నిలవవన్నది 2002 నుంచి స్పష్టంగానే తెలుసు.

రక్త క్యాన్సర్లలో కార్-టి అంతగా ఫలించి, గట్టి కణితుల్లో నత్తనడక నడవడానికి సగం కారణం ఈ దారే. సిడి-19 గుర్తున్న క్యాన్సర్ బి కణాలు ఉండేది రక్తంలో, మూలుగలో, ప్లీహంలో, లింఫు గ్రంథుల్లో. ఎక్కించిన టి కణాలు మామూలుగా వెళ్లి దిగే ఊళ్లూ అవే. వెతుక్కునే పనే లేదు, దిగిన చోటల్లా శత్రువే. కాలువ హెడ్డు పక్కనే చేను ఉన్నట్టు.

ఈ చేరికను కొలిచే తీరులోనూ హెడ్డు దగ్గరి అలవాటే ఇంకా పోలేదు. ఆసుపత్రుల్లో సాధారణంగా చేసేది రక్తం తీసి, పిసిఆర్‌తో కార్ జన్యువు ఎంత ఉందో చూడటం. కాలువలో మట్టం ఎంతో అది చెబుతుంది. చేలో ఎంత పారిందో చెప్పదు. కణాలన్నీ గడ్డలోకి దిగిపోతే రక్తంలో అంకె తగ్గి చికిత్స విఫలమైనట్టు కనిపించే సందర్భాలూ ఉండొచ్చు. దీనికి విరుగుడుగా, హర్యానాలోని అంబాలాలో పుట్టిన సంజీవ్ సామ్ గంభీర్, సహచరులు 2009లో ప్రచురించిన పనిలో ఒక రోగికి మెదడు కణితి చోట ఇచ్చిన టి కణాలను పెట్ స్కానులో పట్టి చూపారు. వాళ్లు కణానికి బయట రంగు పుయ్యలేదు, కణంలో ఒక జన్యువునే పెట్టారు. అది పనిచేసే కణం మాత్రమే ఎక్కించిన ఫ్లోరిన్-18 గుర్తు మందును తనలో బంధించుకుంటుంది. చచ్చిన కణం వెలగదు, విడిపోయి పుట్టిన పిల్ల కణమూ వెలుగుతుంది. ఇండియం చేసిన మోసం ఇక్కడ లేదు. ఖర్చు, ఏర్పాట్లు పెద్దవి కావడంతో ఇది ఇప్పటికీ పరిశోధన దాటి రోజువారీ వాడకానికి రాలేదు.

దారి బాగుచేసే ప్రయత్నాల్లో ఒకటి, గడ్డ పంపే పిలుపుకు సరిపోయే గ్రాహకాన్ని కణానికే అమర్చడం. హాజ్‌కిన్ లింఫోమా కణాలు పంపే కెమోకైన్లను అందుకునే సిసిఆర్-4 గ్రాహకాన్ని, సిడి-30 గుర్తును పట్టే కార్‌తో కలిపి ఇవ్వడం ఆ కోవలోదే. ఇంకొకటి అసలు కాలువనే మార్చడం. వైనతేయ అడ్డుపడితే కాటన్ కాలంలో ఇంజనీర్లు గన్నవరం దగ్గర అక్విడక్టు కట్టి, పాయ మీదుగానే నగరం లంకకు నీళ్లు దాటించారు. అదే పద్ధతిలో, సిర ద్వారా ఇవ్వకుండా కణాలను గడ్డ ఉన్న గదిలోనే వదలడం. మెదడు కణితులకు పుర్రెలో అమర్చిన గొట్టం ద్వారా వెన్ను ద్రవంలోకి, కడుపులో పాకిన క్యాన్సర్‌కు ఉదర కుహరంలోకి. న్యూయార్కులో మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో పనిచేసే ప్రసాద్ అడుసుమిల్లి (ఇంటిపేరు చూస్తేనే మనవాడని తెలుస్తుంది) బృందం 2014లో ఎలకల్లో ఛాతీ పొర క్యాన్సర్‌కు ఇది చేసి చూసింది. ఛాతీ కుహరంలో నేరుగా వేసిన కణాలు, సిరలో ముప్ఫై రెట్లు ఎక్కువ ఇచ్చిన వాటికంటే బాగా పనిచేశాయి. అంతకంటే ఆసక్తికరం, ఆ కణాలు అక్కడే గుర్తును కలిసి చురుకెక్కి, తరవాత ఛాతీ బయట ఉన్న గడ్డల మీదికి కూడా వెళ్లాయి. తిన్నగా సముద్రంలోకి కొట్టుకుపోవలసినవి, ముందు ఒక చెరువు నిండాక పొంగి ఊరంతా పారినట్టు. రోగుల్లో ఈ దారిన ప్రయోగాలు నడిచాయి, ఎలకల్లో కనిపించినంత జోరు మనుషుల్లో ఇంకా రాలేదు.

మన దేశంలో ఎక్కువగా కనిపించే నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు గట్టి కణితులే. లంక పొగాకు చుట్ట కాల్చి నోట్లో పుండు తెచ్చుకున్న పెద్దాయన కోసం, పేపర్లో వచ్చిన కార్-టి వార్త పట్టుకుని ఎవరైనా అడిగితే, ఇప్పుడు ఇక్కడ అనుమతి ఉన్నది కొన్ని రకాల రక్త క్యాన్సర్లకేనని చెప్పడమే నిజాయితీ. అమెరికాలో గట్టి కణితుల వరకు 2024 చివరికి ఆ గీత దాటినవి మెలనోమాకు టిల్స్, ఆ ఏడు ఆగస్టులో సైనోవియల్ సార్కోమా అనే అరుదైన రకానికి మార్చిన టి కణాలు మాత్రమే.

చికిత్సకు అర్హత ఉండి వెళ్లేవాళ్లకు తెలియవలసిన సంగతి ఒకటుంది. కణాలు ఎక్కించడం అరగంట పని, రక్తం ఎక్కించినట్టే ఉంటుంది. చూడవచ్చిన బంధువులకు ఇంతేనా అనిపిస్తుంది. అసలు కదలిక తరవాతి రోజుల్లో, కణాలు ఊపిరితిత్తులు, కాలేయం దాటి, గుర్తును కలిసి పెరగడం మొదలుపెట్టినప్పుడు. రక్తంలో వాటి సంఖ్య పతాకస్థాయికి చేరేది సాధారణంగా ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య. తీవ్రమైన జ్వరం, రక్తపోటు పడిపోవడం, మాట తడబడటం లాంటివి ఎక్కువగా ఈ రెండు వారాల్లోనే వస్తాయి. డిశ్చార్జి అయ్యాక కూడా కొన్ని వారాలు ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే గది తీసుకుని ఉండమని, రోజూ జ్వరం చూసుకోమని, చిన్న వాక్యం రాయించి చేతిరాత మారిందేమో గమనించమని డాక్టర్లు చెప్పేది అందుకే.